పెట్టెకూ ఊపిరి కావాలి: ఫెన్సింగ్ మిషన్, డ్రిప్ కంట్రోలర్ బాక్సుల్లోకి నీళ్లు ఎలా వస్తాయి, గాలి వెంట్ ఎలా పెట్టాలి

పై వీడియోలో సోలార్ ఫెన్సింగ్ మిషన్ బాక్సు విప్పి, లోపల బోర్డు మీద పచ్చగా పట్టిన చిలుము చూపించాను. బాక్సుకు ఎక్కడా పగులు లేదు. రబ్బరు వాషర్ బాగానే ఉంది. నాలుగు స్క్రూలూ బిగువుగానే ఉన్నాయి. మరి నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? దీనికి జవాబు లెక్కతో చెప్పాలి. వీడియోలో లెక్కలు మొదలుపెడితే చూసేవాళ్లు పారిపోతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మనకు బాగా తెలిసిన దానితో మొదలుపెడదాం. జీవామృతం కలిపాక డ్రమ్ముకు మూత బిగించం కదా. గోనెసంచి కప్పుతాం. లోపల పులుస్తూ గాలి పుడుతుంది, అది బయటికి పోవాలి. ఎండ, చెత్త, వాన చినుకు లోపలికి పడకూడదు. గాలికి దారి ఉండాలి, మిగతావాటికి ఉండకూడదు. ఆ గోనెసంచి చేసే పనే ఎలక్ట్రానిక్ బాక్సుకు వెంట్ చేస్తుంది. కానీ అదే రైతు ఫెన్సింగ్ మిషన్ దగ్గరికి వచ్చేసరికి చుట్టూ సిలికాన్ పూసి, టేపు చుట్టి, పైన పాలిథిన్ కవరు కట్టేస్తాడు. ఎంత గట్టిగా మూస్తే అంత భద్రం అనుకుంటాం. వానాకాలంలో బోర్డులు పోవడానికి సగం కారణం ఆ గట్టిగా మూయడమే అని నా అభిప్రాయం.

వేడి అన్నం డబ్బా

పొగలు కక్కే అన్నం స్టీలు డబ్బాలో పెట్టి మూత వేసి, గంట తర్వాత తియ్యండి. మూత రాదు. లోపలి గాలి, ఆవిరి చల్లబడి కుంచించుకుపోయాయి, బయటి గాలి మూతను నొక్కి పట్టుకుంది. పొలంలో బాక్సుకు జరిగేదీ ఇదే. డబ్బా మూతలాగా బాక్సు మూత బిగుసుకుని ఊరుకోదు, లోపలికి పీలుస్తుంది. అంతే తేడా.

మే, జూన్ నెలల్లో మధ్యాహ్నం ఎండలో ఉన్న ముదురు రంగు ప్లాస్టిక్ బాక్సు లోపల 60 డిగ్రీలు అనుకుందాం. సాయంత్రం ఒక్కసారిగా వాన కొట్టింది, బాక్సు 25 డిగ్రీలకు పడిపోయింది. గాలి లెక్క వేసేటప్పుడు డిగ్రీలకు 273 కలపాలి. 60 కాస్తా 333 అవుతుంది, 25 కాస్తా 298 అవుతుంది. మూసి ఉన్న పెట్టెలో ఒత్తిడి అదే నిష్పత్తిలో తగ్గుతుంది. అంటే పదిన్నర శాతం. బయట వాతావరణ ఒత్తిడి సుమారు 1013 మిల్లీబార్లు, లోపల 907. తేడా 106 మిల్లీబార్లు.

106 మిల్లీబార్లంటే మన భాషలో 108 సెంటీమీటర్ల నీటి మట్టం. మీ బాక్సును మీటరు పైన లోతు నీళ్లలో ముంచి పట్టుకున్నట్టు. అదీ ఎప్పుడు? మూత అంచు వెంబడి, కేబుల్ చుట్టూ వాన నీళ్లు కారుతున్న ఆ పది నిమిషాల్లోనే. మధ్యాహ్నమంతా వేడెక్కిన గాలి రబ్బరు సందుల్లోంచి మెల్లగా బయటికి జారిపోయింది. ఇప్పుడు లోపలికి రావాలంటే అదే సందు దగ్గర గాలి లేదు, నీళ్లున్నాయి. నీళ్లే వస్తాయి.

ఒక్కసారికి వచ్చేది చుక్క, రెండు చుక్కలు. దానికే బోర్డు పోదు. అసలు సమస్య ఏంటంటే ఆ చుక్క మళ్లీ బయటికి పోలేదు. మర్నాడు ఎండకు ఆవిరవుతుంది, రాత్రి చల్లదనానికి మూత లోపలి వైపు మంచులా పట్టి బోర్డు మీద రాలుతుంది. రోజూ ఇంకో చుక్క కలుస్తుంది. బాక్సు ఒక చిన్న పంపులా పనిచేస్తుందన్నమాట. వాన లేని రోజుల్లో కూడా తెల్లవారుజామున మంచు తడితో ఇది జరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ పోయేది బోర్డు ఒక్కటే కాదు. వేరుశనగ, మొక్కజొన్న పొలాల చుట్టూ ఫెన్సింగ్ వేసిన వాళ్లకు తెలుసు, మిషన్ ఆగిన రాత్రే అడవిపందులు దిగుతాయి. మిషన్ రిపేరుకు పోయిందని కొందరు తీగలకు నేరుగా లైన్ కరెంటు ఇస్తారు. అది నేరం, మనుషులను చంపే పని. మిషన్ ఇచ్చేది ఆగి ఆగి కొట్టే క్షణకాలపు దెబ్బ, లైన్ కరెంటు అలా వదలదు. పంట పోయినా ఆ పని మాత్రం చేయకండి.

ఐపీ67 రాసుంది కదా?

ఫోన్ చేసే అన్నలు ఎక్కువగా అడిగేది ఇదే. ఐపీ67 అంటే బాక్సు దుమ్ము పట్టదు, మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచినా లోపలికి చెడు చేసేంత నీరు రాదు అని. ఐపీ65 అయితే నీటి జెట్‌ను తట్టుకుంటుంది, ముంచడం అందులో లేదు. రెండూ అబద్ధం కాదు. కానీ ఆ పరీక్ష చేసేటప్పుడు నీటి వేడికీ బాక్సు వేడికీ మధ్య తేడా 5 డిగ్రీలు దాటకూడదని ప్రమాణంలోనే ఉంది. అది ఐఈసీ 60529, మన దేశంలోనూ అదే నంబరుతో అమల్లో ఉంది. నీళ్లు బాక్సు కంటే 5 డిగ్రీలకు మించి చల్లగా ఉంటే బాక్సుకు ఒత్తిడి సమం చేసే ఏర్పాటు ఉండాలని కూడా జల్లు పరీక్షల్లో చెబుతుంది. మన పొలంలో తేడా 35 డిగ్రీలు! పైగా పరీక్ష కొత్త రబ్బరుతో జరుగుతుంది, మనది మూడు వేసవులు ఎండిన రబ్బరు.

కాబట్టి ఐపీ నంబరు చూసి కొనండి, కానీ అక్కడితో ఆగకండి. బాక్సు పక్కన గుండ్రంగా బొత్తాంలాంటి వెంట్ ఉందా లేదా చూడండి. కారు హెడ్‌లైట్లు, మోటారు కంట్రోల్ బాక్సులు, వీధిలో పెట్టే టెలికాం పెట్టెలు, వీటిలో చాలావాటికి అది ఉంటుంది. మనకు అమ్మే చౌక బాక్సుల్లో అదే కనపడదు.

గాలిని వదిలి నీటిని ఆపే పొర

ఆ బొత్తాం లోపల తెల్లటి పలుచని పొర ఉంటుంది. అది అంటుకోని పెనాలకు పూసే టెఫ్లాన్ జాతిదే. ఆ పదార్థాన్ని 1938లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో పనిచేసే రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుక్కున్నాడు. 1969లో బాబ్ గోర్ అనే ఆయన దాన్ని వేడి చేసి నెమ్మదిగా లాగి చూస్తే తెగిపోతూ వచ్చింది, విసుగొచ్చి ఒక్కసారి గట్టిగా గుంజితే తెగకుండా బారెడు సాగింది. సాగిన దానిలో దాదాపు 70 శాతం గాలే. కంటికి బట్టలా కనిపించినా లోపలంతా సాలెగూడులాంటి సన్నని పోగులు, వాటి మధ్య మైక్రాన్ సైజు సందులు. వాన కోట్లకు వాడేదీ ఇదే.

నీటి ఆవిరి అణువు మైక్రాన్‌లో మూడువేలో వంతు ఉంటుంది, ఆ సందుల్లోంచి హాయిగా పోతుంది. చినుకు మాత్రం మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. తామరాకు మీద నీటిబొట్టు నిలబడినట్టే ఈ పొర మీదా నీరు పరుచుకోదు, ముద్దగా నిలబడుతుంది. ఒక మైక్రాన్ సందులోంచి నీటిని బలవంతంగా తోయాలంటే సుమారు 10 మీటర్ల నీటి మట్టం ఒత్తిడి కావాలి. గాలికి మాత్రం ఇటూ అటూ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఆ "ఇటూ అటూ" అనేది ముఖ్యం. కొందరు ఒకవైపే తెరుచుకునే వాల్వు పెడదామంటారు, కాఫీ గింజల ప్యాకెట్లకు ఉండేలాంటిది. ప్యాకెట్‌కు అది సరిపోతుంది, ఎందుకంటే గింజల్లోంచి వచ్చే వాయువు బయటికి పోవడమే కావాలి. మన బాక్సుకు పెడితే పరిస్థితి ఇంకా చెడిపోతుంది. పగలు వేడి గాలి వాల్వులోంచి సులువుగా బయటికి పోతుంది, సాయంత్రం తిరిగి రాలేదు. మళ్లీ రబ్బరు సందులోంచే పీలుస్తుంది.

(ఎత్తు మారినా ఇదే కథ. అరకు ఘాట్ ఎక్కేటప్పుడు చిప్స్ ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బుతుంది చూశారా? కింద మూసిన బాక్సు అక్కడ బిగిస్తే అది కూడా లోపల్నుంచి రబ్బరును తోస్తూ ఉంటుంది.)

ఎంత వెంట్ కావాలి

వెంట్ కొనేటప్పుడు దాని కాగితంలో "70 మిల్లీబార్ల తేడా దగ్గర నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు" అని గాలి లెక్క ఉంటుంది. ఆ కాగితం ఇవ్వని సరుకు కొనకండి, బొత్తాం లోపల పొర ఉందో ఉత్త స్పాంజి ముక్క ఉందో పైనుంచి తెలియదు.

మన బాక్సు పొడవు 20, వెడల్పు 15, ఎత్తు 10 సెంటీమీటర్లు అనుకోండి. 3 లీటర్లు. పైన చెప్పిన పదిన్నర శాతం అంటే 315 మిల్లీలీటర్ల గాలి లోపలికి రావాలి. వాన కొట్టిన 5 నిమిషాల్లో చల్లబడిందనుకుంటే నిమిషానికి 63 మిల్లీలీటర్లు. మీరు తెచ్చిన వెంట్ కాగితంలో 450 అని ఉందనుకుందాం. ఒత్తిడి తేడా తగ్గితే గాలి కూడా ఇంచుమించు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 70 దగ్గర 450 అయితే 10 మిల్లీబార్ల దగ్గర 64. అంటే మన బాక్సులో తేడా 10 మిల్లీబార్ల దగ్గరే ఆగిపోతుంది. 108 సెంటీమీటర్ల నీటి మట్టం కాస్తా 10 సెంటీమీటర్లకు దిగింది. మామూలు రబ్బరు వాషర్ కూడా దాన్ని ఆపగలదు.

రెండు వెంట్‌లు పెడితే 5కు దిగుతుంది. నేను రెండే పెడతాను, వేరువేరు పక్కల. ఒకదాని మీద బురద కొట్టినా, నీటి పొర నిలిచినా రెండోది పనిచేస్తుంది. ఇనుప బాక్సు ప్లాస్టిక్ కంటే త్వరగా చల్లబడుతుంది కాబట్టి దానికి 5 నిమిషాల బదులు 2 నిమిషాలు వేసుకుని లెక్క కట్టండి.

వెంట్ కంటే ముందు చేయాల్సిన ఉచితమైన పని ఒకటుంది. బాక్సుకు నీడ. పైన ఒక రేకు ముక్క, మధ్యలో నాలుగు వేళ్ల ఖాళీ. లోపలి వేడి 60 నుంచి 45కు తగ్గితే ఒత్తిడి తేడా 106 నుంచి 64కు పడిపోతుంది. బోర్డు మీది కెపాసిటర్లు కూడా ఎక్కువ కాలం బతుకుతాయి.

ఎక్కడ పెట్టాలి

బాక్సు పైభాగంలో పెట్టకండి, నీళ్లు నిలుస్తాయి. పక్క గోడకు, కింది వైపు. కింద నేలకు దగ్గరగా ఉంటే బురద చిమ్ముతుంది కాబట్టి బాక్సునే నడుం ఎత్తులో బిగించండి. మరలాంటి వెంట్‌లలో 12 మిల్లీమీటర్లది సులువుగా దొరుకుతుంది. డ్రిల్ చేశాక అంచు గరుకు తీసేసి, రబ్బరు రింగు బయటి వైపు ఉండేలా పెట్టి, లోపల నట్టు చేత్తో బిగించి ఆపైన పావు చుట్టు చాలు. చుట్టూ సిలికాన్ పూయకండి, పొరకు అంటితే వెంట్ పని అయిపోయినట్టే. వేరే చోట సిలికాన్ వాడాల్సి వస్తే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. అది ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ రకం అని అడగండి. గ్యారంటీలో ఉన్న మిషన్‌కు రంధ్రం వేస్తే గ్యారంటీ పోతుంది, అది మాత్రం గుర్తుంచుకోండి.

కేబుల్ సంగతి చాలామంది వదిలేస్తారు. పోగుల కేబుల్ అంటే లోపల సన్నని గొట్టాల కట్ట లాంటిది. దాని రెండో చివర తడి గుంటలోనో వాల్వు పెట్టెలోనో తెరిచి ఉంటే, బాక్సు పీల్చినప్పుడు పోగుల మధ్యలోంచి నీళ్లు మీటర్ల కొద్దీ ప్రయాణం చేసి బోర్డు దగ్గరికి వస్తాయి. వెంట్ ఉంటే పీల్చే బలమే ఉండదు. అయినా కేబుల్‌ను బాక్సులోకి వెళ్లే ముందు కిందికి ఉయ్యాలలా వంచి వదలండి, చినుకులు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

మన పొలాల్లో అదనంగా చూడాల్సినవి

వెంట్ కంపెనీల కాగితాల్లో మన వేపనూనె గురించి ఉండదు. అందుకే ఇది ప్రత్యేకంగా చెప్పాలి. ఈ పొర నీటిని ఆపేది నీటికి ఉన్న తలతన్యత వల్ల. స్వచ్ఛమైన నీటికి అది 72 అనుకుంటే, సబ్బు కలిపాక 30 దగ్గరికి పడిపోతుంది. వేపనూనె కలవడానికి మనం వేసేది సబ్బు లేదా కుంకుడు రసం. ఆకు మీద ద్రావణం జారిపోకుండా పరుచుకోవాలనే కదా వేస్తాం. ఆకు మీద పరుచుకున్నట్టే ఈ పొర మీదా పరుచుకుంటుంది, సందుల్లోకి దిగుతుంది. ఒకసారి దిగితే ఆ దారిలో తర్వాత వచ్చే వాన నీరు కూడా నడుస్తుంది. నూనె దిగితే గాలి దారి కూడా మూసుకుంటుంది.

అందుకని రెండు జాగ్రత్తలు. నూనెను కూడా అంటనివ్వని పూత ఉన్న రకం వెంట్‌లు వస్తాయి, అదే అడిగి తీసుకోండి. అదున్నా సరే, స్ప్రే చేసే రోజు బాక్సు మీద పాత గుడ్డ కప్పి, పని అయ్యాక తీసేయండి. గుడ్డ అంటున్నాను, పాలిథిన్ కాదు.

రెండోది ఆవు మూత్రం. డ్రిప్ కంట్రోలర్‌ను చాలామంది ఫిల్టరు షెడ్డులోనే పెడతారు, పక్కనే జీవామృతం డ్రమ్ము, గోమూత్రం క్యాన్లు. వాటిలోంచి వచ్చే అమ్మోనియా గాలిలాంటిదే, పొరలోంచి లోపలికి వెళ్తుంది. తడి తోడైతే రాగిని, ఇత్తడిని తినేస్తుంది. వెంట్ ద్రవాన్ని ఆపుతుంది, వాయువును ఆపదు. కాబట్టి పశువుల కొట్టం, డ్రమ్ములు ఉన్న షెడ్డులో బాక్సు పెట్టకండి. షెడ్డు బయటి గోడకు, గాలి ఎటునుంచి వస్తుందో చూసి ఆ వైపు బిగించండి. బోర్డుకు కన్‌ఫార్మల్ కోటింగ్ అనే పారదర్శక పూత వేయించండి. కనెక్టర్లు, స్విచ్‌లు మూసుకుపోకుండా వేయడం తెలిసిన వాళ్లతోనే.

బ్యాటరీ ఉన్న బాక్సుల గురించి ఇంకో మాట. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వదులుతుంది, సీల్డ్ అని రాసున్నవి కూడా ఓవర్ చార్జింగ్ అయితే వదులుతాయి. గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక నిప్పురవ్వ చాలు. రిలే లోపల రవ్వ పుడుతూనే ఉంటుంది. బ్యాటరీ, బోర్డు ఒకే పెట్టెలో పెట్టి సిలికాన్‌తో మూసేయడం బోర్డును కాపాడటం కాదు, బాంబు చుట్టడం. బ్యాటరీకి వేరే అర, దానికి పైనా కిందా జాలీ ఉన్న గాలి రంధ్రాలు. పొర వెంట్ బోర్డు ఉన్న అరకు మాత్రమే.

మోటారు స్టార్టర్ పెట్టెకు ఈ పొర వెంట్ అక్కర్లేదు. అది పెద్ద ఇనుప పెట్టె, లోపల వేడి కూడా ఎక్కువ. దానికి కింది భాగంలో నీరు కారిపోయే రంధ్రాలు, వాటికి సన్నని స్టీలు జాలీ ఉండాలి. జాలీ లేకపోతే చీమలు, బల్లులు కాంటాక్టర్‌లోకి దూరతాయి. 415 వోల్టుల పని కాబట్టి ఫ్యూజులు పీకించి ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

సిలికా జెల్ సంచి వేస్తే చాలదా అంటే, చాలదు. బాక్సు పీల్చినన్నాళ్లూ అది తడి పీలుస్తుంది, నిండాక ఊరికే పడుంటుంది. వెంట్ ఉన్న బాక్సులో కూడా బయటి తేమ నెమ్మదిగా లోపలికి చేరుతుంది, అది నిజమే. వెంట్ బాక్సును ఎండగొట్టే యంత్రం కాదు. వచ్చిన తేమ మళ్లీ బయటికి పోయే దారి అది, నీళ్లను లోపలికి పీల్చే బలాన్ని తీసేసే దారి.

పరీక్షించుకోవడం

బోర్డు, బ్యాటరీ తీసేసిన ఖాళీ బాక్సుతో చేయండి. తెల్ల కాగితం మీద ఇంకు పెన్నుతో గీతలు గీసి, ముక్కలు చేసి మూత అంచు వెంబడి, కేబుల్ రంధ్రం దగ్గర లోపల అతికించండి. బాల్ పెన్ను వద్దు, నీటికి కరిగే ఇంకు కావాలి. మూసి 11 నుంచి 2 వరకు ఎండలో పెట్టి, వెంటనే చల్లటి నీళ్లు 5 నిమిషాలు పోయండి. బయట తుడిచి విప్పండి. ఎక్కడ ఇంకు చెదిరిందో అక్కడే నీరు పీల్చింది. ముందు వెంట్ లేకుండా ఒకసారి, పెట్టాక ఒకసారి చేస్తే తేడా మీకే కనపడుతుంది. వెంట్ పెట్టాక కూడా చెదిరితే రబ్బరు మార్చాల్సిందే, లేదా వెంట్ చిన్నది.

ఏడాదికి రెండుసార్లు, తొలకరికి ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, వెంట్ మీది దుమ్మును మెత్తని బ్రష్‌తో దులపండి. సూదితో పొడవకండి, కంప్రెసర్ గాలి కొట్టకండి, సబ్బు నీళ్లతో అసలు కడగకండి. పొర పసుపు పచ్చగా, నూనె మరకతో కనిపిస్తే శుభ్రం చేయాలని చూడకుండా కొత్తది వేసేయండి.